టు, ఇంగ్, హూ, విచ్: తెలుగు నోటికి ఇంగ్లీషు వాక్యం అలవాటు చేసే పద్ధతి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదండి: అమలాపురంలో డిగ్రీ పూర్తయింది, విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రాయాలి. వ్యాకరణ పుస్తకంలో ఖాళీలు నింపితే 20కి 18 వస్తున్నాయి. నోరు తెరిస్తే మాత్రం "హి సజెస్టెడ్ మి టు గో" అనీ, "ది హౌస్ విచ్ ఐ యామ్ స్టేయింగ్" అనీ వచ్చేస్తోంది. ఏం సాధన చేయాలి, రోజుకి ఎంతసేపు చేయాలి?

ఖాళీ నింపేటప్పుడు వాక్యం ముందే తయారై ఉంటుంది, మీరు చేసేది ఎంపిక ఒక్కటే. మాట్లాడేటప్పుడు మనసులో ముందు పుట్టేది తెలుగు వాక్యం. అది తన ఆకారాన్ని ఇంగ్లీషు మీద అచ్చు గుద్దుతుంది. మీరు చూపించిన రెండు తప్పులూ అలా పుట్టినవే. మొదటిదాని వెనక "వెళ్ళమని" ఉంది, రెండోదాని వెనక "ఉంటున్న" ఉంది. ఏ తెలుగు రూపం ఏ తప్పును పుట్టిస్తుందో గుర్తుపట్టి, సరిగ్గా ఆ రూపాలనే ముందు పెట్టుకుని సాధన చేస్తే ఆరు వారాల్లో తేడా మీకే వినపడుతుంది. ఇంకో 500 ఖాళీలు నింపినా ఈ పని జరగదు.

ముందు క్రియల సంగతి.

"ఈదడం ఇష్టం", "ఈదడం నేర్చుకున్నాను", "ఈదడం మానేశాను", "ఈదడం వాయిదా వేశాను". నాలుగింటికీ తెలుగులో "ఈదడం" ఒక్కటే చాలు. ఇంగ్లీషులో చూడండి: "ఐ ఎంజాయ్ స్విమ్మింగ్", "ఐ లర్న్‌డ్ టు స్విమ్", "ఐ స్టాప్డ్ స్విమ్మింగ్", "ఐ పోస్ట్‌పోన్డ్ స్విమ్మింగ్". మన "-డం"ని ఎంతసేపు చూసినా అక్కడ టు పెట్టాలో ఇంగ్ పెట్టాలో తేలదు. దాన్ని నిర్ణయించేది ముందున్న క్రియ. అందుకే ఏ క్రియనీ ఒంటరిగా నోట్‌బుక్‌లో రాసుకోవద్దు. "ఎంజాయ్ అంటే ఆనందించు" అని రాసుకున్నవాళ్ళు "ఎంజాయ్ టు స్విమ్" అనే అంటారు. "ఎంజాయ్ డూయింగ్" అని తోకతో సహా రాసుకుంటే చెవికి ఆ తోక అలవాటవుతుంది.

మొదటి విడతకి 40 క్రియలు చాలు. ఇంగ్ తోక ఉన్నవి 14: ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్, మైండ్, కీప్, సజెస్ట్, కన్సిడర్, పోస్ట్‌పోన్, ప్రాక్టీస్, అడ్మిట్, డినై, మిస్, రిస్క్, గివప్. టు తోక ఉన్నవి 14: వాంట్, హోప్, డిసైడ్, ప్లాన్, ప్రామిస్, అగ్రీ, రిఫ్యూజ్, ఆఫర్, లర్న్, మేనేజ్, అఫోర్డ్, ఫెయిల్, ప్రిటెండ్, ఎక్స్‌పెక్ట్. మధ్యలో మనిషి వచ్చి ఆ తర్వాత టు వచ్చేవి 12: ఆస్క్, టెల్, అడ్వైజ్, అలౌ, వార్న్, రిమైండ్, ఇన్వైట్, ఫోర్స్, పర్స్వేడ్, ఎన్‌కరేజ్, ఆర్డర్, ఎనేబుల్. వాంట్, ఎక్స్‌పెక్ట్, ఆస్క్ రెండు రకాలుగానూ నడుస్తాయి: "ఐ వాంట్ టు గో", "ఐ వాంట్ హిమ్ టు గో". స్టార్ట్, బిగిన్, కంటిన్యూ, లైక్ లాంటివి మామూలు వాడుకలో ఏ తోకైనా పట్టుకుంటాయి కాబట్టి వాటి మీద సమయం పెట్టకండి.

టు అంటే ముందు జరగబోయేది, ఇంగ్ అంటే ఇప్పటికే జరిగింది లేదా అనుభవంలో ఉన్నది అని ఒక సూత్రం చెబుతుంటారు. హోప్, ప్లాన్, ప్రామిస్ ఒకవైపు, ఫినిష్, అడ్మిట్, మిస్ మరోవైపు పెట్టి చూస్తే అది నిజమే అనిపిస్తుంది. కానీ సజెస్ట్, కన్సిడర్, పోస్ట్‌పోన్ మూడూ జరగబోయే పని గురించే, అయినా ఇంగ్ తీసుకుంటాయి. సూత్రాన్ని గుర్తుకోసం వాడుకోండి, తీర్పు మాత్రం దానికి వదలకండి.

తెలుగువాళ్ళకి అసలు చిక్కు "అని" దగ్గర. మన భాషలో కోరిక, ఆజ్ఞ, సలహా, ఆలోచన, హెచ్చరిక అన్నీ "అని" అనే ఒక్క గుమ్మం లోంచే లోపలికి వస్తాయి. ఇంగ్లీషులో ఒక్కోదానికి ఒక్కో గుమ్మం. "వెళ్దామని అనుకుంటున్నాను" నుంచి "ఐ యామ్ థింకింగ్ టు గో" పుడుతుంది. కావాల్సింది "ఐ యామ్ థింకింగ్ ఆఫ్ గోయింగ్". "నువ్వు రావాలని నా కోరిక" నుంచి "ఐ వాంట్ దట్ యు కమ్" వస్తుంది. వాంట్ తర్వాత దట్ రాదు: "ఐ వాంట్ యు టు కమ్". "వస్తానని చెప్పాడు" అన్నప్పుడు ఎవరికి చెప్పాడో తెలుగుకి అక్కర్లేదు. టెల్‌కి మాత్రం మనిషి ఉండి తీరాలి. "హి టోల్డ్ మి దట్ హి వుడ్ కమ్" ఒప్పు, "హి సెడ్ దట్ హి వుడ్ కమ్" ఒప్పు, మనిషి లేని "హి టోల్డ్ దట్" తప్పు. దీనికి తిరగేసిన తప్పు ఎక్స్‌ప్లెయిన్‌ది. "నాకు వివరించు" కదా అని "ఎక్స్‌ప్లెయిన్ మి" అంటాం. "ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి" అనాలి.

ఇక మీ సజెస్ట్. "పంటు (నది దాటించే పెద్ద పడవ) మీద వెళ్ళమని నాకు సలహా ఇచ్చాడు" అనేది మీ మనసులోని వాక్యం అనుకుందాం. సజెస్ట్ తన వెనక మనిషిని పెట్టుకుని టు తీసుకోదు. "హి సజెస్టెడ్ గోయింగ్ బై ఫెర్రీ" అనవచ్చు, "హి సజెస్టెడ్ దట్ ఐ గో బై ఫెర్రీ" అనవచ్చు. దట్ తర్వాత హి, షి వచ్చినా గోస్ అనకుండా గో అనే వాడతారు. బ్రిటిష్ వాడుకలో "షుడ్ గో" కూడా మామూలే. ఇవన్నీ నోటికి రాని రోజుల్లో ఒక సులువు ఉంది: తెలుగు వాక్యంలో "నాకు", "వాడికి" అని మనిషి కనబడితే సజెస్ట్ వదిలేసి అడ్వైజ్ పట్టుకోండి. "హి అడ్వైజ్డ్ మి టు గో బై ఫెర్రీ." సలహా ఇవ్వడానికి ఇది పూర్తిగా సరిపోతుంది.

ఈ "అని" వాక్యాలకి మన గోదావరి ప్రాంతంలో వరద రోజుల వార్తలను మించిన ముడిసరుకు లేదు. ఆ రోజుల్లో వచ్చే పేపర్ దాచుకోండి. ఖాళీ చేయమన్నారు, దిగొద్దని హెచ్చరించారు, తిరగనివ్వలేదు, రామన్నారు అనే మాటలు అందులో కుప్పలుగా ఉంటాయి.

"లంక గ్రామాల వాళ్ళని ఖాళీ చేయమన్నారు": "దే టోల్డ్ పీపుల్ ఇన్ ది లంక విలేజెస్ టు లీవ్."
"నదిలోకి దిగొద్దని హెచ్చరించారు": "దే వార్న్‌డ్ పీపుల్ నాట్ టు ఎంటర్ ది రివర్." నాట్ స్థానం టుకి ముందు. "టు డోంట్ ఎంటర్" అని రాసేవాళ్ళు చాలామంది.
"పడవలు తిరగనివ్వలేదు": "దే డిడ్ నాట్ లెట్ ది బోట్స్ రన్." లెట్ తర్వాత టు ఉండదు. అదే అలౌ అయితే టు వస్తుంది, స్టాప్ అయితే "స్టాప్డ్ ది బోట్స్ ఫ్రమ్ రన్నింగ్" అవుతుంది.
"కొందరు ఇల్లు వదిలి రామన్నారు": "సమ్ రిఫ్యూజ్డ్ టు లీవ్." ఇక్కడ "సెడ్ దట్ దే విల్ నాట్ కమ్" అని సాగదీయకుండా రిఫ్యూజ్ అనే ఒక్క క్రియ పట్టుకోవడమే అసలైన అభ్యాసం.

ఇంకో తెలుగు రూపం "-ఇంచు". "కొబ్బరి దింపించాను" అంటే చెట్టెక్కింది నేను కాదని తెలుగులో ఆ "-ఇంచు" చెప్పేస్తుంది. ఇంగ్లీషు క్రియకి అలాంటి ప్రత్యయం లేదు కాబట్టి చాలామంది "ఐ పిక్డ్ ది కోకోనట్స్" అనేస్తారు. అప్పుడు మీరే చెట్టెక్కినట్టు. ఎవరు దింపారో ముఖ్యం కాకపోతే "ఐ హాడ్ ది కోకోనట్స్ పిక్డ్" అనండి. దింపు కార్మికుణ్ణి పిలిచి, ఒప్పించి చేయించారనుకోండి, "ఐ గాట్ ఎ క్లైంబర్ టు పిక్ ది కోకోనట్స్". బలవంతంగా చేయిస్తే "ఐ మేడ్ హిమ్ పిక్ దెమ్". గెట్‌కి టు ఉంది, మేక్‌కి లేదు. కానీ మేక్‌ని కర్మణి వాక్యంలో (పాసివ్ వాయిస్) పెడితే ఆ టు తిరిగి వస్తుంది: "హి వాజ్ మేడ్ టు పిక్ దెమ్". పోటీ పరీక్షల్లో తప్పు గుర్తించమనే ప్రశ్నలకు ఇది ఇష్టమైన చోటు. దింపించాను, కట్టించాను, కుట్టించాను, రిపేరు చేయించాను, ఊడ్పించాను అని రోజూ అనే పది మాటలు రాసుకుని హాడ్, గాట్ రెండింటితోనూ చెప్పండి.

తెలుగు అడ్డుపడే చోట్లే కాదు, సాయం చేసే చోట్లు కూడా ఉన్నాయి. స్టాప్, రిమెంబర్, ట్రై లాంటివి టు పెడితే ఒక అర్థం, ఇంగ్ పెడితే ఇంకో అర్థం ఇస్తాయని పుస్తకాలు భయపెడతాయి. తెలుగులో ఆ తేడా ముందే ఉంది. "టీ తాగడం మానేశాను" అంటే "ఐ స్టాప్డ్ డ్రింకింగ్ టీ"; "టీ తాగడానికి ఆగాను" అంటే "ఐ స్టాప్డ్ టు డ్రింక్ టీ". "తాళం వేసినట్టు గుర్తుంది" అంటే "ఐ రిమెంబర్ లాకింగ్ ది డోర్". "గుర్తుపెట్టుకుని తాళం వేశాను" అంటే "ఐ రిమెంబర్డ్ టు లాక్ ది డోర్". "తలుపు తీయడానికి ప్రయత్నించాను" అంటే "ఐ ట్రైడ్ టు ఓపెన్ ది డోర్". "తలుపు తీసి చూశాను, అయినా ఉక్కపోత తగ్గలేదు" అంటే "ఐ ట్రైడ్ ఓపెనింగ్ ది డోర్". "చేసి చూడు" అనే మన నుడికారానికి "ట్రై డూయింగ్" అచ్చంగా సరిపోతుంది. ఇది ఒక్కసారి వినబడితే ఇక బట్టీ పట్టక్కర్లేదు.

టు కనబడగానే వట్టి క్రియ పెట్టేయడం ఇంకో పొరపాటు. "ఐ లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు" అని ఉద్యోగ దరఖాస్తుల్లో తరచూ కనబడుతుంది. పరీక్ష చేయడం తేలిక: టు తర్వాత ఒక నామవాచకం పెట్టి చూడండి. "లుక్ ఫార్వర్డ్ టు ది ఫెస్టివల్" నడుస్తుంది, కాబట్టి అది విభక్తి లాంటి టు, తర్వాత క్రియ వస్తే ఇంగ్ ఉండాలి: "టు మీటింగ్ యు". "వాంట్ టు ది ఫెస్టివల్" నడవదు, కాబట్టి అక్కడ వట్టి క్రియ. ఇదే కొలతతో "యూజ్డ్ టు" కూడా విడిపోతుంది. "రొయ్యల చెరువు మీద రాత్రిళ్ళు మేలుకుని ఉండటం నాకు అలవాటే" అంటే "ఐ యామ్ యూజ్డ్ టు స్టేయింగ్ అవేక్". "పూర్వం కాలవలో పడవ మీద వెళ్ళేవాళ్ళం" అంటే "వి యూజ్డ్ టు గో బై బోట్". యామ్, ఈజ్, ఆర్ ఉంటే అలవాటు, లేకపోతే "-ఏవాళ్ళం".

ఇప్పుడు రిలేటివ్ క్లాజులు, అంటే హూ, విచ్, వేర్ లాంటి మాటలతో ఒక నామవాచకాన్ని వర్ణించే విశేషణ వాక్యాలు. తెలుగుకీ ఇంగ్లీషుకీ అసలైన దూరం ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చదవండి.

తెలుగులో విశేషణ వాక్యం నామవాచకానికి ముందు వస్తుంది, ఇంగ్లీషులో తర్వాత వస్తుంది అన్నది అందరికీ తెలుసు. "నిన్న వచ్చిన మనిషి", "ది మ్యాన్ హూ కేమ్ యెస్టర్‌డే". ఇక్కడ ఎవరూ పెద్దగా తడబడరు. తడబడేది వేరే చోట. బడిలో చదువుకున్న ధాతుజ విశేషణం, అంటే వచ్చిన, వచ్చే, రాని లాంటి రూపం, తన తర్వాతి నామానికి ఉండాల్సిన విభక్తిని మింగేస్తుంది. ఇవి చూడండి: నేను ఉంటున్న ఇల్లు, కాయ కొట్టిన కత్తి, నేను డబ్బిచ్చిన మనిషి, అప్పు తీసుకున్న బ్యాంకు, ఇల్లు మునిగిన రైతు. విడదీస్తే ఇంట్లో ఉంటున్నాను, కత్తితో కొట్టాను, మనిషికి ఇచ్చాను, బ్యాంకు నుంచి తీసుకున్నాను, రైతు యొక్క ఇల్లు మునిగింది. లో, తో, కి, నుంచి, యొక్క అన్నీ మాయమైపోయాయి, మనకి వాటి లోటే తెలియదు. ఇంగ్లీషు వాటిని మాయం కానివ్వదు. మీ "ది హౌస్ విచ్ ఐ యామ్ స్టేయింగ్"లో లోపించింది ఆ మింగేసిన "లో", అంటే ఇన్.

దీనికి మందు: రెండు పూర్తి వాక్యాలతో మొదలుపెట్టడం. "దిస్ ఈజ్ ది హౌస్. ఐ యామ్ స్టేయింగ్ ఇన్ ది హౌస్." రెండో వాక్యంలో మళ్ళీ వచ్చిన మాట, ది హౌస్, కింద గీత గీయండి. దాని ముందున్న ఇన్ చుట్టూ సున్నా చుట్టండి. గీత గీసిన మాటని తీసేసి, దాని బదులు విచ్ పెట్టి రెండో వాక్యం మొదటికి లాగండి. సున్నా చుట్టినది కదలకూడదు. ఈ ముక్కని మొదటి వాక్యంలోని హౌస్ పక్కనే అతికించండి: "దిస్ ఈజ్ ది హౌస్ విచ్ ఐ యామ్ స్టేయింగ్ ఇన్". గీత గీసిన చోటు ఇప్పుడు ఖాళీ, అక్కడ ఇట్ పెట్టకూడదు. "ది బుక్ విచ్ ఐ బాట్ ఇట్" అనే తప్పు ఆ ఖాళీని నింపాలన్న ఆత్రం వల్ల వస్తుంది. మాటల్లో విచ్ తీసేసి "ది హౌస్ ఐ యామ్ స్టేయింగ్ ఇన్" అంటే ఇంకా సహజం. రాతలో గంభీరంగా కావాలంటే "ఇన్ విచ్", మధ్యస్థంగా "వేర్". ఇన్ విచ్‌లో దట్ పనికిరాదు, "ఇన్ దట్" అనకండి.

విచ్, హూ, దట్ ఎప్పుడు తీసేయవచ్చో ఇదే గీత చెబుతుంది. గీత గీసిన మాట రెండో వాక్యంలో కర్త అయితే తీయకూడదు, కాకపోతే తీయవచ్చు. "ది మ్యాన్ కేమ్ యెస్టర్‌డే ఈజ్ మై అంకుల్" అనేది తప్పు, ఎందుకంటే వచ్చింది ఆయనే. "ది మ్యాన్ ఐ మెట్ యెస్టర్‌డే ఈజ్ మై అంకుల్" ఒప్పు, కలిసింది నేను.

వేర్ విషయంలో కూడా విభక్తినే అడగండి. "నేను చూసిన ఊరు", "నేను పుట్టిన ఊరు" రెండూ తెలుగులో ఒకేలా ఉన్నాయి. ఊరిని చూశాను, ఊళ్ళో పుట్టాను. "లో" మింగబడిన చోటే వేర్: "ది విలేజ్ వేర్ ఐ వాజ్ బార్న్". "ని" ఉన్న చోట విచ్, దట్, లేదా ఏమీ అక్కర్లేదు: "ది విలేజ్ ఐ విజిటెడ్". "ది ప్లేస్ వేర్ ఐ విజిటెడ్" పరీక్ష జవాబుల్లో పదే పదే కనబడే తప్పు.

"యొక్క" మింగిన చోట హూజ్. "ఇల్లు మునిగిన రైతు"ని "ది ఫార్మర్ హూ హిజ్ హౌస్" అని మొదలుపెడతాం. హూ, హిజ్ రెండూ కలిసి హూజ్ అవుతాయి: "ది ఫార్మర్ హూజ్ హౌస్ వాజ్ ఫ్లడెడ్". హూజ్ తర్వాత వెంటనే నామవాచకం ఉండాలి, మధ్యలో ది రాదు.

ఇంకొకటి, దాదాపు ఏ పుస్తకమూ మనకోసం చెప్పనిది. "కోసిన" అన్న మాట వరి కోసిన మనిషికీ చెల్లుతుంది, నిన్న కోసిన వరికీ చెల్లుతుంది. కోసింది ఎవరు, కోయబడింది ఏది అన్నది తెలుగులో సందర్భమే చెబుతుంది. ఇంగ్లీషులో "ది ప్యాడీ విచ్ కట్ యెస్టర్‌డే" అంటే వరే దేన్నో కోసినట్టు. "ది ప్యాడీ విచ్ వాజ్ కట్ యెస్టర్‌డే", లేదా పొట్టిగా "ది ప్యాడీ కట్ యెస్టర్‌డే". వండిన అన్నం, పెంచిన రొయ్యలు, కడియం నర్సరీలో కొన్న మొక్క, ఆత్రేయపురంలో చేసిన పూతరేకులు: ఇవన్నీ పని జరిపించుకున్నవి, వాజ్ లేదా వర్ కావాలి.

కామా గురించి. విశేషణ వాక్యం ఎవరో ఏదో గుర్తుపట్టిస్తోందా, లేక అదనపు సమాచారమా అన్న తేడాని ఇంగ్లీషులో కామా చూపిస్తుంది. తెలుగులో ఈ తేడా చూపించే ఏర్పాటు లేదు కాబట్టి ప్రత్యేకంగా నేర్చుకోవాలి. కోనసీమలో చాలా ఇళ్ళ నుంచి ఎవరో ఒకరు గల్ఫ్ వెళ్ళి ఉంటారు కనుక ఈ వాక్యం తీసుకుందాం: "కువైట్‌లో ఉన్న మా అన్నయ్య ఫోన్ చేశాడు". మీకు ఇద్దరు అన్నయ్యలుండి, వాళ్ళలో కువైట్ ఆయన అని చెప్పాలంటే కామాలు ఉండవు: "మై బ్రదర్ హూ ఈజ్ ఇన్ కువైట్ కాల్డ్". ఉన్నది ఒక్కడే అన్నయ్య, కువైట్ సంగతి అదనపు సమాచారం అయితే రెండు కామాలు: "మై బ్రదర్, హూ ఈజ్ ఇన్ కువైట్, కాల్డ్". మాట్లాడేటప్పుడు కామాల దగ్గర చిన్న ఆగుడు. పేరున్న మనుషులు, నదులు, ఊళ్ళు ఎవరో ఏవో ముందే తెలుసు కాబట్టి వాటి తర్వాత మామూలుగా కామాయే: "ఆర్థర్ కాటన్, హూజ్ ఆనికట్ ఎట్ దవళేశ్వరం వాజ్ బిల్ట్ బిట్వీన్ 1847 అండ్ 1852, ఈజ్ స్టిల్ రిమెంబర్డ్ ఇన్ ది డెల్టా". కామా తర్వాత దట్ వాడకండి, హూ లేదా విచ్ తీసేయకండి. రెండో కామా మర్చిపోవడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు.

మొత్తం వాక్యాన్ని చూపించే విచ్ కూడా ఒకటుంది, దానికీ ముందు కామాయే: "ది ఫెర్రీ వాజ్ లేట్, విచ్ మేడ్ అస్ మిస్ ది ట్రెయిన్". "ఎవరైతే కష్టపడతారో వాళ్ళు" అనే మన జంట వాక్యాన్ని "హూ వర్క్స్ హార్డ్ హి" అని తేవద్దు, "దోజ్ హూ వర్క్ హార్డ్" చాలు. "నేను చెప్పిందంతా" అంటే "ఎవ్రీథింగ్ దట్ ఐ సెడ్", "ఆల్ వాట్" కాదు. హూమ్ గురించి దిగులు వద్దు. మాటల్లో హూ సరిపోతుంది, విభక్తి వెంటనే ముందు వస్తే మాత్రం "టు హూమ్".

సాధనకి రోజూ 30 నిమిషాలు పెట్టండి, ఆరు వారాలు. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కంటే రోజూ అరగంట మేలు, నోటి అలవాటు మాటిమాటికీ తగలాలి.

మొదటి 10 నిమిషాలు క్రియలకి. రోజుకి 4 క్రియలు తీసుకుంటే 10 రోజుల్లో 40 అయిపోతాయి. నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో తెలుగు వాక్యం మాత్రమే, కుడి పేజీలో ఇంగ్లీషు. క్రియకి ఐదు వాక్యాలు: నేను అని ఒకటి, జరిగిపోయినది ఒకటి, కాదు అనేది ఒకటి, ప్రశ్న ఒకటి, ఇంకో మనిషి గురించి ఒకటి. అన్నీ మీ ఇంటివి, మీ ఊరివి అయి ఉండాలి. కుడి పేజీ మూసి, తెలుగు చూస్తూ ఇంగ్లీషు గట్టిగా చెప్పండి. మర్నాడు, మూడో రోజు, వారానికి, పదిహేనో రోజుకి మళ్ళీ అదే పేజీ. మూడు సెకన్లలో రాని వాక్యం పక్కన చుక్క పెట్టండి, చుక్కలున్నవే తర్వాత ఎక్కువసార్లు తిప్పండి.

రెండో 10 నిమిషాలు రెండు వాక్యాలు కలపడానికి. రోజుకి ఐదు జతలు, గీతా సున్నా పద్ధతిలో. మొదటి రెండు వారాలు కాగితం మీదే చేయండి. మూడో వారం నుంచి తెలుగు పేపర్లో జిల్లా వార్త ఒకటి తీసుకుని, అందులో "-ఇన", "-ఏ" రూపాలున్న ఐదు వాక్యాలు ఏరి, మింగిన విభక్తి ఏమిటో పైన పెన్సిల్‌తో రాసి, అప్పుడు ఇంగ్లీషు చేయండి. ఆ పెన్సిల్ అడుగు దాటేయకండి.

చివరి 10 నిమిషాల్లో ఒక నిమిషం ఫోన్లో రికార్డు చేసి మూడుసార్లు వినండి. ఒక్కో రోజు ఒక్క తప్పు కోసమే వినాలి. సోమవారం టు, ఇంగ్ మాత్రమే. మంగళవారం మింగిన విభక్తి మాత్రమే. అన్నీ ఒకేసారి సరిదిద్దబోతే నోరు బిగుసుకుపోతుంది, ఆ భయంతో పొట్టి వాక్యాలకి దిగిపోతారు.

అనుమానం వస్తే తెలుగు అర్థాల నిఘంటువు కాకుండా ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లర్నర్స్ డిక్షనరీ ఇంటర్నెట్‌లో చూడండి. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన హార్న్‌బీ అనే ఆయన అక్కడి విద్యార్థుల కోసం క్రియల తోకలను వర్గాలుగా విడదీసి 1942లో వేయించిన నిఘంటువే దానికి మూలం. అందుకే ప్రతి క్రియ కింద "సజెస్ట్ డూయింగ్ సంథింగ్" తరహాలో తోక ముద్దక్షరాల్లో (బోల్డ్) కనబడుతుంది. అర్థం కంటే ముందు ఆ ముద్దక్షరాలు చదవండి.

ఐఈఎల్‌టీఎస్ రాతలో మార్కులు వేసే నాలుగు అంశాల్లో వ్యాకరణ వైవిధ్యం, కచ్చితత్వం కలిపి ఒకటి, నాలుగింటికీ సమాన బరువు. రెండో వ్యాసం 250 మాటలకి తగ్గకూడదు. అందులో శుభ్రంగా ఉన్న నాలుగైదు రిలేటివ్ క్లాజులు చాలు. ప్రతి వాక్యంలో విచ్ ఇరికిస్తే ప్రధాన క్రియ తప్పిపోతుంది, "ది రోడ్ విచ్ గోస్ టు అంతర్వేది." అని చుక్క పెట్టేసిన సగం వాక్యాలు అలా వచ్చేవే. మాట్లాడే పరీక్ష రెండో భాగంలో ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల వరకు మాట్లాడాలి. అక్కడిచ్చే కార్డు తరచూ "ఎ ప్లేస్ వేర్", "ఎ పర్సన్ హూ" అనే ఉంటుంది. మొదటి వాక్యం అదే అచ్చులో మొదలుపెడితే తడబాటు తగ్గుతుంది.

రేపటికి ఈ ఆరు చేయండి. జవాబులు చూడకముందు గట్టిగా చెప్పండి.

మేం పంటు ఎక్కిన రేవు సఖినేటిపల్లిలో ఉంది. చెరువుకి ఏరియేటర్ పెట్టించమని మామయ్య నాన్నకి సలహా ఇచ్చాడు. రొయ్యలు చచ్చిపోయిన రైతు అప్పు తీర్చలేకపోయాడు. నేను అప్పు తీసుకున్న బ్యాంకు రాజోలులో ఉంది. అమ్మ నన్ను గోదారిలోకి దిగనివ్వదు. పూతరేకు చుట్టి చూశాను, సరిగ్గా రాలేదు.

జవాబులు వరుసగా: "ది ల్యాండింగ్ వేర్ వి గాట్ ఆన్ ది ఫెర్రీ ఈజ్ ఇన్ సఖినేటిపల్లి." "మై అంకుల్ అడ్వైజ్డ్ మై ఫాదర్ టు హావ్ ఎన్ ఏరియేటర్ ఫిటెడ్ ఇన్ ది పాండ్." "ది ఫార్మర్ హూజ్ ప్రాన్స్ డైడ్ కుడ్ నాట్ రీపే ది లోన్." "ది బ్యాంక్ ఐ టుక్ ది లోన్ ఫ్రమ్ ఈజ్ ఇన్ రాజోలు." "మై మదర్ డజ్ నాట్ లెట్ మి గో ఇన్‌టు ది గోదావరి." "ఐ ట్రైడ్ రోలింగ్ ఎ పూతరేకు, బట్ ఇట్ డిడ్ నాట్ కమ్ అవుట్ రైట్." నాలుగోదాంట్లో ఫ్రమ్ ఈజ్ అని రెండు పక్కపక్కన రావడం వింతగా అనిపించి చాలామంది ఫ్రమ్ తీసేస్తారు. తీయకండి, "బ్యాంకు నుంచి"లోని "నుంచి" అదే.